లేస్టన్ గారెట్లు: ఒక యంత్రాల కార్ఖానా, దాని వెనక రెండు పాయలైన కుటుంబం

విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో వ్యవసాయ యంత్రాలు, ఆవిరి యంత్రాలు తయారుచేసిన సంస్థల ప్రస్తావన వస్తే ‘రిచర్డ్ గారెట్ అండ్ సన్స్’ పేరు తప్పకుండా వినిపిస్తుంది. దేశపు తూర్పు తీరాన, సఫోక్ కౌంటీలోని లేస్టన్ అనే చిన్న ఊళ్ళో 1778లో ఒక కొలిమిగా మొదలైన ఆ సంస్థ, 1932లో అప్పుల పాలై చేతులు మారింది. మరోవైపు, బ్రిటన్‌లోనే పరీక్ష నెగ్గి డాక్టరుగా గుర్తింపు పొందిన తొలి మహిళ ఎలిజబెత్ గారెట్ ఆండర్సన్, స్త్రీల ఓటు హక్కు కోసం దశాబ్దాలపాటు ఉద్యమం నడిపిన ఆమె చెల్లెలు మిలిసెంట్ ఫాసెట్ ఇదే కుటుంబంలో పుట్టినవారు. విచిత్రమేమిటంటే, సంస్థ చరిత్ర చదివేవారికి ఈ అక్కచెల్లెళ్ళు దాదాపుగా కనిపించరు. వీరి జీవితచరిత్రలు చదివేవారికి కార్ఖానా ఒకటి రెండు వాక్యాలకు మించి ఎదురుకాదు. ఒకే ఇంటి కథను రెండు పుస్తకాలుగా చింపి వేర్వేరు అరల్లో పెట్టినట్లు ఉంటుంది ఈ పరిస్థితి. ఆ రెండు కథలు విడిపోయిన చోటు ఒకటుంది. తరతరానికీ కార్ఖానా పెద్దకొడుక్కే దక్కడం, మిగిలిన కొడుకులు బతుకుతెరువు వెతుక్కుంటూ బయటికి నడవడం అన్న ఏర్పాటే ఆ చోటు. లేస్టన్‌లో అంత పెద్ద కార్ఖానా నిలవడానికి ఆ ఏర్పాటే కారణం. ఆ కుటుంబంలోని అత్యంత ప్రసిద్ధులు కార్ఖానాకు బయట పుట్టి పెరగడానికీ అదే కారణం.

ముందుగా పేర్ల చిక్కు విప్పాలి. మన ఇళ్ళలో మనవడికి తాత పేరు పెట్టుకుంటాం కాబట్టి పేరు ఒక తరం విడిచి తిరిగి వస్తుంది. గారెట్లు పెద్దకొడుక్కి తండ్రి పేరే పెట్టారు. అందువల్ల వరసగా నాలుగు తరాల్లో నలుగురు రిచర్డ్ గారెట్లు కనిపిస్తారు. కొలిమి పెట్టింది మొదటి రిచర్డ్. దాన్ని యంత్రాల తయారీ వైపు తిప్పింది, 1837లో మరణించిన రెండవ రిచర్డ్. దేశమంతటా పేరు తెచ్చింది మూడవ రిచర్డ్ (1807–1866). ఆయన తరవాత పెత్తనం అందుకుని 1884లో కన్నుమూసింది నాలుగవ రిచర్డ్. ‘రిచర్డ్ గారెట్ ఆవిరి యంత్రాలు తయారుచేశాడు’ అని ఎక్కడైనా చదివినప్పుడు అది మొదటి రిచర్డ్ గురించి అనుకుంటే, కొడవళ్ళు చేసిన మనిషికి బాయిలర్లు అంటగట్టినట్లవుతుంది. ఇంటర్నెట్‌లో తిరిగే చిన్న చిన్న పరిచయాల్లో ఈ తప్పు మాటిమాటికీ కనిపిస్తుంది.

గారెట్లు పదిహేడవ శతాబ్దం నుంచీ తూర్పు సఫోక్‌లో ఇనుప పని చేసుకుని బతికినవారే. మొదటి రిచర్డ్ లేస్టన్‌లో స్థిరపడి కొడవళ్ళు, గడ్డి కోసే పొడవాటి కత్తులు, ఇతర పదును పనిముట్లు చేసి అమ్మాడు. ఇక్కడ ఒక సందేహం రావడం సహజం. సఫోక్‌లో బొగ్గు గనులు లేవు, ఇనుప ఖనిజమూ లేదు. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ లాంటి పారిశ్రామిక నగరాలకు అది చాలా దూరం. మరి యంత్రాల పరిశ్రమ అక్కడ ఎందుకు పుట్టింది? ముడిసరుకు అక్కడ లేకపోయినా కొనేవాడు అక్కడే ఉన్నాడు. గోధుమ, బార్లీ విస్తారంగా పండే ఆ తూర్పు ప్రాంతంలో పెద్ద కమతాల రైతులు కొత్త పనిముట్లకు డబ్బు పెట్టగలిగేవారు. పరికరం విరిగితే బాగుచేసే కమ్మరి, ఎక్కడ విరిగిందో కళ్ళారా చూసి, తరవాతి దాన్ని అక్కడ బలంగా చేసేవాడు. ఇప్స్‌విచ్‌లో రాన్సమ్‌లు, థెట్‌ఫర్డ్‌లో బరెల్‌లు, లేస్టన్‌కు దగ్గరలోని పీసెన్‌హాల్‌లో గొర్రులు చేసిన స్మిత్‌లు, అందరూ ఇదే నేల మీద ఇదే పద్ధతిలో ఎదిగారు. ఇనుము, బొగ్గు పడవల మీద తీరానికి చేరేవి.

కొలిమి కార్ఖానాగా మారడంలో మొదటి మలుపు ఒక పెళ్ళితో వచ్చింది. రెండవ రిచర్డ్ పక్క కౌంటీ నార్ఫోక్‌లోని హెదర్‌సెట్ గ్రామానికి చెందిన జాన్ బాల్స్ కూతురు సారాను పెళ్ళాడాడు. జాన్ బాల్స్ నూర్పిడి యంత్రాన్ని మెరుగుపరిచి, తూర్పు ఇంగ్లండులో చెప్పుకోదగ్గ పేరు తెచ్చుకున్న మనిషి. స్కాట్లండులో ఆండ్రూ మీకల్ 1780లలోనే నూర్పిడి యంత్రాన్ని రూపొందించాడు కాబట్టి ఆ యంత్రానికి ఆద్యుడు బాల్స్ అనడం సరికాదు. కాని గారెట్ల చేతికి ఆ విద్య వచ్చింది మామగారి ఇంటి నుంచే. కొడవళ్ళు కొట్టే కొలిమికి, నూర్పిడి యంత్రం చేసే కార్ఖానాకు మధ్య ఉన్న దూరం చిన్నది కాదు. ఆ దూరం దాటించింది సారా పుట్టిల్లు. సంస్థ చరిత్రల్లో ఆమె పేరు ఒక్క వాక్యంలో తేలిపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

ఆ యంత్రం ఏం చేసేదో కాస్త దగ్గరగా చూస్తే, అది ఎందుకంత సంచలనమైందో అర్థమవుతుంది. చుట్టూ అడ్డంగా ఇనుప పట్టీలు బిగించిన ఒక డ్రమ్ము వేగంగా తిరుగుతూ ఉంటుంది. దాని కింద, డ్రమ్ము వంపుకు సరిపోయేలా వంచిన ఇనుప జల్లి ఒకటి కదలకుండా ఉంటుంది. రెంటికీ మధ్య సందు చాలా తక్కువ. పైనుంచి పన విప్పి ఆ సందులోకి వదిలితే, పట్టీలు కంకులను జల్లికేసి కొట్టి గింజలు రాలుస్తాయి. గింజలు జల్లిలోంచి కిందికి జారతాయి, గడ్డి అవతలికి పోతుంది. సందు మరీ బిగిస్తే గింజ నలుగుతుంది. వదులు చేస్తే గింజ కంకికే ఉండిపోతుంది. బార్లీ విషయంలో ఇది ప్రాణంతో సమానం, ఎందుకంటే నలిగిన గింజ మొలకెత్తదు, మొలకెత్తని బార్లీని మాల్టు (బీరు కోసం మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) వ్యాపారి కొనడు. తరవాతి కాలపు యంత్రాల్లో దీనికి గడ్డిని కుదిపే చట్రాలు, జల్లెడలు, పొల్లును ఎగరగొట్టే పంకాలు తోడై, మన కళ్ళాల్లో నూర్చడం, తూర్పారబట్టడం అని విడివిడిగా చేసుకునే పనులన్నీ ఒకే పెట్టెలో జరిగిపోయేవి. శుభ్రమైన గింజ నేరుగా సంచుల్లోకి దిగేది.

యంత్రం తప్పించిన శ్రమ ఎవరిదో కూడా చెప్పుకోవాలి. అప్పటిదాకా పేద కూలీలు చలికాలమంతా కొట్టాల్లో నూర్పుకర్రలతో బాది గింజ రాల్చేవారు. పొలాల్లో వేరే పని దొరకని ఆ నెలల్లో కుటుంబాలకు కూడు పెట్టింది అదే పని. 1830 ఆగస్టులో కెంట్ కౌంటీలో మొదలై దక్షిణ, తూర్పు ఇంగ్లండు అంతటా పాకిన అల్లర్లలో కూలీలు మొట్టమొదట పగలగొట్టింది నూర్పిడి యంత్రాలనే. రైతులకు వచ్చిన బెదిరింపు లేఖల మీద ‘కెప్టెన్ స్వింగ్’ అన్న సంతకం ఉండేది కాబట్టి వీటికి స్వింగ్ అల్లర్లు అన్న పేరు స్థిరపడింది. ప్రభుత్వం కొందరిని ఉరితీసింది, వందలమందిని ఆస్ట్రేలియాకు ద్వీపాంతరం పంపింది. గారెట్ల సంపదకు మూలమైన యంత్రమే ఆ పల్లెల్లో ఇంతటి కన్నీటికి కారణమైందన్న సంగతిని పక్కనపెట్టి ఆ కుటుంబ చరిత్ర చెప్పడం నిజాయితీ అనిపించుకోదు.

రెండవ రిచర్డ్‌కు ముగ్గురు కొడుకులు: రిచర్డ్, బాల్స్, న్యూసన్. రెండోవాడి పేరు తల్లి పుట్టింటి ఇంటిపేరే. 1837లో తండ్రి పోయేసరికి కార్ఖానా పెద్దవాడైన మూడవ రిచర్డ్‌కు వెళ్ళింది. ఆస్తిని ముక్కలు చేయకుండా ఒక్కరి చేతికే అప్పగించడంలో వ్యాపారపరంగా గట్టి తర్కం ఉంది. మూసలు, యంత్రాలు, స్థలం, అప్పు పుట్టించే పరపతి అన్నీ ఒకచోట ఉంటేనే కార్ఖానా బతుకుతుంది. కాని ఆ తర్కానికి మూల్యం చెల్లించేది తమ్ముళ్ళు. బాల్స్ కెంట్ కౌంటీలోని మెయిడ్‌స్టన్‌కు వెళ్ళి అక్కడ సొంతంగా వ్యవసాయ పనిముట్ల వ్యాపారం పెట్టుకున్నాడు. చదువు మీద పెద్దగా ఆసక్తి లేని, తొందరపాటూ ముక్కోపమూ ఉన్న న్యూసన్ (1812–1893) లండన్ చేరాడు.

లండన్‌లో జరిగిన పెళ్ళి ఈ కుటుంబ వృక్షాన్ని ఇంకాస్త ముడివేసింది. మూడవ రిచర్డ్ భార్య ఎలిజబెత్ డనెల్, సఫోక్ మూలాలున్న ఒక లండన్ సత్రం యజమాని కూతురు. వదినగారి చెల్లెలు లూయీసాను న్యూసన్ 1834లో పెళ్ళాడాడు. అంటే అన్నదమ్ములు తోడల్లుళ్ళు కూడా అయ్యారు, అక్కచెల్లెళ్ళు తోడికోడళ్ళయ్యారు. తరవాతి తరంలో ఎలిజబెత్, లూయీసా, రిచర్డ్ పేర్లు రెండు ఇళ్ళలోనూ ఎందుకు మారుమోగుతాయో ఇక్కడ తెలుస్తుంది. ఎలిజబెత్ గారెట్ అన్న పేరు కనిపిస్తే అది లేస్టన్ కార్ఖానా యజమాని భార్యా, ఆమె చెల్లెలి కూతురైన డాక్టరా అని తేదీలు చూసి తేల్చుకోవలసిందే.

అన్న లేస్టన్‌లో కార్ఖానా విస్తరిస్తున్న రోజుల్లో తమ్ముడు లండన్‌లోని వైట్‌చాపెల్ పేట కమర్షియల్ రోడ్డులో తాకట్టు దుకాణం నడుపుతూ, ఆ దుకాణం ఉన్న ఇంట్లోనే కాపురం ఉన్నాడు. భవిష్యత్తులో డాక్టరు కాబోయే ఎలిజబెత్ 1836లో పుట్టింది ఆ పేదల పేటలోనే. అక్కడి నుంచి లండన్‌లోనే లాంగ్ ఏకర్ వీధిలో పెద్ద దుకాణానికి, వెండి వ్యాపారానికి ఎదిగి, 1841లో న్యూసన్ భార్యాబిడ్డలతో సఫోక్‌కు తిరిగి వచ్చాడు. కాని వచ్చింది లేస్టన్‌కు కాదు. తీరంలోని ఆల్డ్‌బరా పట్టణంలో స్థిరపడి, ఆల్డ్ నది ఒడ్డున స్నేప్ దగ్గర బార్లీ, బొగ్గు వ్యాపారం కొనుక్కున్నాడు.

ఇక మూడవ రిచర్డ్ సంగతి. ఆయన చేతికి కార్ఖానా వచ్చిన కాలం చాలా అనువైనది. ఇంగ్లండు వ్యవసాయ సంఘం 1838లో ఏర్పడి, 1839లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదటి ప్రదర్శన జరిపింది. 1840లో రాజముద్ర పొంది రాయల్ అగ్రికల్చరల్ సొసైటీ అయింది. ఏటా ఒక్కో ఊళ్ళో జరిగే ఆ ప్రదర్శనల్లో యంత్రాలను పక్కపక్కనే పెట్టి పరీక్షించి బహుమతులు ఇచ్చేవారు. దేశం నలుమూలల రైతులు వచ్చి చూసేవారు. లేస్టన్ లాంటి మారుమూల ఊరి తయారీదారుకు అంతకు మించిన సంత దొరకదు. గారెట్ల విత్తనపు గొర్రు, సాళ్ళ మధ్య కలుపు తీసే గుర్రపు గుంటక, నూర్పిడి యంత్రం ఆ ప్రదర్శనల ద్వారానే దేశానికి పరిచయమయ్యాయి. ధాన్యం దిగుమతుల మీద సుంకాలు విధించిన చట్టాలు 1846లో రద్దయ్యాక, చౌక ధరల భయంతో పెద్ద రైతులు ఎరువుల మీద, మురుగు కాలవల మీద, యంత్రాల మీద మరింత పెట్టుబడి పెట్టడం కూడా కలిసొచ్చింది.

అసలు సరుకు మాత్రం పోర్టబుల్ ఇంజను. ఇది తనంత తాను నడవదు. నాలుగు చక్రాల మీద అడ్డంగా పడుకున్న బాయిలరు. ఒక కొసన పొయ్యి, రెండో కొసన పొగగొట్టం. పైన సిలిండరు, పక్కన పెద్ద ఫ్లైవీలు. గుర్రాలు దీన్ని ఒక పొలం నుంచి మరో పొలానికి లాగేవి, దారిలో పొగగొట్టాన్ని వెనక్కి మడిచేవారు. కళ్ళం చేరాక నీళ్ళు పోసి, బొగ్గు వేసి, ఆవిరి పుట్టించి, ఫ్లైవీలు నుంచి నూర్పిడి యంత్రానికి పొడవాటి తోలు బెల్టు తగిలించేవారు. ఇంజనుకూ గడ్డికుప్పకూ మధ్య ఆ బెల్టు పొడవంత దూరం ఉండటం నిప్పురవ్వల భయాన్ని తగ్గించేది కూడా. సొంతంగా కొనలేని రైతుకు, ఊరూరా తిరిగి అద్దెకు నూర్చిపెట్టే మనుషులు తయారయ్యారు. ఇంజను, నూర్పిడి పెట్టె రెండూ ఒకే కార్ఖానా నుంచి జతగా అమ్మగలగడం గారెట్లకు పెద్ద బలం.

1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో గారెట్ల యంత్రాలు ఉన్నాయి. అదే చోట అమెరికన్ సామ్యుయెల్ కోల్ట్ రివాల్వర్లూ ఉన్నాయి. వాటి తయారీలో కనిపించిన, ఒకే కొలతల్లో విడిభాగాలు చేసి, దేన్ని దేనికైనా బిగించగల పద్ధతి అప్పటి ఇంగ్లిష్ ఇంజనీర్లను కదిలించింది. ఆ ఊపులో మూడవ రిచర్డ్ 1852–53లో లేస్టన్‌లో కట్టించినదే ‘లాంగ్ షాప్’. ఊరివాళ్ళు దాన్ని ‘కెథెడ్రల్’ (పెద్ద చర్చి) అన్నారు. లోపల నిలబడితే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. నడుమ పైకప్పు దాకా ఖాళీగా ఉన్న పొడవాటి నడవ, రెండు పక్కలా లావాటి దూలాల మీద నిలిచిన చెక్క మేడలు, పైనుంచి పడే వెలుతురు. బాయిలరు ఒక కొసన లోపలికి వచ్చి నడవ వెంట ముందుకు కదిలేది. పక్కల్లో, మేడల మీద లేతు యంత్రాల దగ్గర తయారైన భాగాలు కిందికి దిగి, ఒక్కోచోట ఒక్కొక్కటిగా దానికి అమరేవి. రెండో కొసకు చేరేసరికి ఇంజను పూర్తయ్యేది.

ఇది ప్రపంచంలోనే తొలి అసెంబ్లీ లైన్ అని కొందరు రాస్తారు. ఆ మాటను కొంచెం తగ్గించి తీసుకోవాలి. పోర్ట్స్‌మత్ నౌకాశ్రయంలో ఓడల కప్పీలు చేసే కర్మాగారం 1800ల తొలి దశకంలోనే పనిని దశలుగా విడగొట్టి, ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి సరుకును నడిపించింది. లేస్టన్‌లో ఆగకుండా కదిలే పట్టీ లేదు, ఇరవయ్యో శతాబ్దపు కార్ల కర్మాగారాల్లో కనిపించే గడియారపు వేగమూ లేదు. ఆవిరి ఇంజను లాంటి భారీ వస్తువును, మనుషులు దాని చుట్టూ తిరిగే బదులు, అదే మనుషుల ముందుకు వచ్చేలా భవనాన్నే రూపుదిద్దడంలో ఉంది లాంగ్ షాప్ ప్రత్యేకత. ఆ వస్తువుకు కుదిరే ఆకారంలో భవనం కట్టించిన తొలి తరం పారిశ్రామికుల్లో మూడవ రిచర్డ్ ఒకడనడానికి నాకు ఏ సంకోచమూ లేదు. 1859లో సాక్స్‌మండమ్ నుంచి లేస్టన్‌కు రైలు మార్గం వచ్చాక బరువైన ఇంజన్లను బయటికి పంపే బెడద కూడా తీరింది. ఆ మరుసటి ఏడే పట్టాలు ఆల్డ్‌బరా దాకా వెళ్ళాయి. అన్న ఊరూ తమ్ముడి ఊరూ ఒకే రైలు కొమ్మ మీదికి వచ్చాయి.

తమ్ముడు ఆపాటికి తక్కువవాడేమీ కాదు. స్నేప్ రేవు నుంచి లండన్ బీరు తయారీదారులకు బార్లీ పంపుతూ ఎదిగిన న్యూసన్, పచ్చి బార్లీ పంపేకన్నా ఇక్కడే మాల్టు చేసి పంపితే లాభమని గ్రహించి, 1850లలో బ్రహ్మాండమైన మాల్టు శాలలు కట్టించాడు. బార్లీని నానబెట్టి, విశాలమైన నేల మీద పరిచి, మొలక రాగానే కింద మంట పెట్టి ఆరబెడితే మాల్టు అవుతుంది. అన్న విత్తనపు గొర్రు, నూర్పిడి యంత్రం అమ్ముతున్నాడు. తమ్ముడు ఆ యంత్రాల్లోంచి వచ్చే బార్లీ కొంటున్నాడు. ఒకే పంటకు మొదటా చివరా ఇద్దరు అన్నదమ్ములు కూర్చున్నారన్నమాట. వారసత్వం దక్కనివాడు కూడా కుటుంబానికి తెలిసిన లోకంలోనే, అన్న తాకని చోట తన సంపద కట్టుకున్నాడు.

ఈ తేడా కూతుళ్ళ చదువుల్లో, ధైర్యంలో కనిపిస్తుందని నా అభిప్రాయం. పెద్దకొడుకు ఇంట్లో అందరికీ ముందే రాసిపెట్టిన స్థానాలున్నాయి. తన స్థానం తానే సంపాదించుకున్న న్యూసన్ ఇంట్లో అలాంటి గీతలు తక్కువ. ఎలిజబెత్ డాక్టరు చదువుతానన్నప్పుడు తండ్రి మొదట మండిపడ్డాడు. ఆ కోపం చల్లారాక అంతే గట్టిగా ఆమె వెనక నిలబడ్డాడు. ఏ వైద్య కళాశాలా స్త్రీని చేర్చుకోని ఆ రోజుల్లో ఆమె ప్రైవేటుగా చదివి, లండన్‌లో మందులిచ్చే వైద్యులకు అర్హత పత్రాలిచ్చే అపాతికరీల సంఘం పరీక్షకు దరఖాస్తు పెట్టింది. ఆ సంఘం నిబంధనల్లో పురుషులే రావాలన్న మాట లేదు. అయినా సంఘం అడ్డుకోబోతే, కోర్టుకు ఈడుస్తానని న్యూసన్ హెచ్చరించాడు. 1865లో ఆమె అర్హత పత్రం అందుకుంది. వెంటనే ఆ సంఘం ప్రైవేటు చదువు చెల్లదని నిబంధన మార్చి, మరో స్త్రీ అదే దారిన రాకుండా తలుపు మూసేసింది. ఎలిజబెత్ 1870లో పారిస్‌లో ఎం.డి. పట్టా తీసుకుంది, 1872లో స్త్రీల కోసం స్త్రీలే నడిపే ఆసుపత్రి స్థాపించింది, 1908లో ఆల్డ్‌బరా మేయరై ఇంగ్లండులో ఆ పదవి చేపట్టిన తొలి మహిళ అయింది.

1866లో స్త్రీలకు ఓటు హక్కు కోరుతూ దాదాపు 1500 మంది సంతకాలతో పార్లమెంటుకు చేరిన వినతిపత్రాన్ని వెస్ట్‌మినిస్టర్‌కు తీసుకువెళ్ళి పార్లమెంటు సభ్యుడు, తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్‌కు అందించినవారిలో ఎలిజబెత్ ఒకరు. దానికి సంతకాలు సేకరించిన మిలిసెంట్‌కు అప్పటికి పందొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. మరుసటి ఏడాది ఆమె అంధుడైన పార్లమెంటు సభ్యుడు హెన్రీ ఫాసెట్‌ను పెళ్ళాడింది. ఇంకో చెల్లెలు ఆగ్నెస్, వరసకు బంధువైన రోడా గారెట్‌తో కలిసి ఇళ్ళ అలంకరణ వ్యాపారం పెట్టింది. బ్రిటన్‌లో స్త్రీలు నడిపిన అలాంటి సంస్థల్లో అదే మొదటిది. మిలిసెంట్ కూతురు ఫిలిప్పా 1890లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో అందరు పురుషులకన్నా పైన నిలిచింది.

మన వైపు చూపు సారించడానికి ఇక్కడ నిజమైన కారణాలే ఉన్నాయి. భారతదేశపు ఖర్చులను పార్లమెంటులో తరచి తరచి ప్రశ్నించినందుకు హెన్రీ ఫాసెట్‌ను ‘భారత సభ్యుడు’ అని పిలిచేవారు. 1867లో టర్కీ సుల్తానుకు లండన్‌లో ఇచ్చిన విందు నృత్యం ఖర్చును భారత ఖజానా మీద వేయడాన్ని ఆయన నిలదీశాడు. కోస్తాంధ్ర జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఆ కాలంలో, మద్రాసు వైద్య కళాశాలలో 1875లో చేరిన తొలి విద్యార్థినుల్లో మేరీ షార్లీబ్ ఒకరు. తరవాత ఆమె లండన్ వెళ్ళి, ఎలిజబెత్ పాఠాలు చెప్పిన, 1883 నుంచి ఇరవై ఏళ్ళు డీన్‌గా నడిపిన మహిళా వైద్య కళాశాలలో చదువు పూర్తిచేసింది. 1885లో మద్రాసులో పరదా పాటించే స్త్రీల కోసం పుట్టిన విక్టోరియా ఆసుపత్రి, జనం నోట ఘోషాసుపత్రి, షార్లీబ్ చొరవ ఫలితమే. ఆ తరవాత లండన్‌లో ఎలిజబెత్ ఆసుపత్రిలో శస్త్రవైద్యురాలిగా ఆమె స్థానంలోకి వచ్చిందీ షార్లీబే.

మూడవ రిచర్డ్ 1866లో మరణించాక కార్ఖానా ఆయన కొడుకులకు వెళ్ళింది. నాలుగవ రిచర్డ్, ఆయన తరవాత తమ్ముడు ఫ్రాంక్ పెత్తనం చేశారు. ఇంకొక తమ్ముడు జాన్ జర్మనీలోని మాగ్డెబర్గ్ చేరి, స్మిత్ అనే భాగస్వామితో ‘గారెట్ స్మిత్’ పేరిట పోర్టబుల్ ఇంజన్ల కార్ఖానా నడిపాడు. రెండు దేశాల్లో ఒకే ఇంటిపేరుతో ఇంజన్లు కనిపించడానికి కారణం అది. ఆపాటికి కాలం కూడా మారింది. 1870ల మధ్య నుంచి అమెరికా మైదానాల చౌక గోధుమ ఓడల్లో వచ్చిపడి ఇంగ్లిష్ రైతు చితికిపోయాడు. ఇంట్లో కొనేవాడు తగ్గడంతో లేస్టన్ ఇంజన్లు రష్యా, మధ్య ఐరోపా, దక్షిణ అమెరికా మైదానాలకు ఎక్కువగా వెళ్ళాయి. ఇక్కడి రైతును ముంచిన ధాన్యం పండే నేలలకే ఇక్కడి యంత్రం వెళ్ళడం ఆ కాలపు వాణిజ్యపు విషాదం.

1897లో సంస్థ లిమిటెడ్ కంపెనీ అయింది. వాటాలు మాత్రం కుటుంబం చేతిలోనే ఎక్కువగా ఉండిపోయాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆవిరి లారీలు మంచి పేరు తెచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో కార్ఖానా ఫిరంగి గుండ్లకు, విమానాలకు మళ్ళింది. స్త్రీలు పెద్దసంఖ్యలో పనిలోకి వచ్చారు. ఫ్రాంక్ కొడుకుల్లో ఒకడైన స్టీఫెన్ 1915లో ఫ్రాన్సు యుద్ధభూమిలో చనిపోయాడు. 1917 విప్లవంతో రష్యా మార్కెట్టు ఒక్కసారిగా పోయింది.

చాలామంది తికమకపడేది ఆ తరవాతి ఘట్టంలోనే. 1919లో వ్యవసాయ యంత్రాల సంస్థలు కొన్ని కలిసి ‘అగ్రికల్చరల్ అండ్ జనరల్ ఇంజనీర్స్’ అనే గొడుగు కంపెనీగా ఏర్పడ్డాయి. గారెట్, బరెల్, ఏవెలింగ్ అండ్ పోర్టర్ లాంటి పాత పేర్లు అలాగే ఉన్నాయి, ఊళ్ళలో పనీ అలాగే సాగింది, కాని డబ్బు నిర్ణయాలు లండన్‌కు పోయాయి. కాబట్టి 1919 తరవాతి ‘గారెట్’ యంత్రం మీద పేరు కుటుంబానిదే అయినా యాజమాన్యం అసలు అర్థంలో కుటుంబానిది కాదు. థెట్‌ఫర్డ్‌లో బరెల్ కార్ఖానా మూతపడ్డాక చివరి బరెల్ ఇంజన్లు తయారైంది లేస్టన్‌లోనే కావడం ఈ కలగాపులగానికి ఒక ఉదాహరణ. ట్రాలీబస్సులు, ట్రాక్టర్లు, ఆవిరి లారీలు అంటూ అన్ని వైపులా చేతులు చాచినా, పెట్రోలు ఇంజను ముందు ఆవిరి నిలవలేదు. 1932లో గొడుగు కంపెనీ కుప్పకూలి, గారెట్‌నూ తనతో పాటు కిందికి లాగింది.

మునిగిన కార్ఖానాను కొన్నది మాంచెస్టర్ రైలింజన్ల సంస్థ బేయర్ పీకాక్. దీనితో మరో అపోహ పుట్టింది. బేయర్ పీకాక్ చేసిన ‘బేయర్-గారట్’ అనే జంట చట్రాల రైలింజన్లు ప్రపంచ ప్రసిద్ధం. మన దేశంలో వాల్తేరు దాకా మార్గాలున్న బెంగాల్ నాగపూర్ రైల్వే కూడా వాటిని వాడింది. ఆ గారట్, హెర్బర్ట్ విలియం గారట్ అనే ఇంజనీరు. ఆ ఇంజన్లు మొదట టాస్మేనియా కోసం 1909లోనే తయారయ్యాయి. లేస్టన్ గారెట్లకూ ఆయనకూ చుట్టరికం లేదు, ఇంగ్లిష్‌లో స్పెల్లింగూ వేరు. తెలుగులో రాసేసరికి రెండు పేర్లూ దాదాపు ఒకటే అయిపోతాయి కాబట్టి మనకు ఈ జాగ్రత్త మరీ అవసరం.

చేతులు మారాక లేస్టన్ కార్ఖానా 1980ల మొదటి దాకా నడిచి మూతపడింది. లాంగ్ షాప్‌ను ఊరివాళ్ళు కాపాడుకుని 1984లో మ్యూజియంగా తెరిచారు. న్యూసన్ మాల్టు శాలలు 1965లో ఆగిపోయాయి. సంగీతకర్త బెంజమిన్ బ్రిటన్ పూనికతో అందులో ఒకటి 1967లో కచేరీ మందిరంగా మారి, 1969లో కాలిపోయి, ఏడాది తిరిగేలోగా మళ్ళీ లేచింది. కార్ఖానా కాగితాలు సఫోక్ ప్రభుత్వ దస్తావేజుల భాండారంలో ఉన్నాయి. ఇంజన్ల లెక్కలు చూసేవారు అక్కడికి వెళ్తారు, ఎలిజబెత్, మిలిసెంట్ ఉత్తరాలు చూసేవారు లండన్ గ్రంథాలయాలకు వెళ్తారు. ఆ రెండు రకాల పాఠకుల్లో ఎవరు ముందుగా సారా బాల్స్ గురించి, డనెల్ అక్కచెల్లెళ్ళ గురించి పూర్తిగా రాస్తారో వారి పుస్తకంలోనే ఈ కుటుంబ చరిత్ర మొదటిసారి ఒక్కచోట చేరుతుంది.